అక్షింతలు తిన్న కెమెరా

ఆయుధపూజ నాడు సాయంత్రం బటన్ నొక్కగానే లెన్స్ సగం బయటికి వచ్చి కిర్రుమని ఆగిపోయింది. నా గుండె కూడా సగంలోనే ఆగింది. లెన్స్‌లో లోపం ఉంది, ఆపి మళ్లీ ఆన్ చేయమని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. ఆపాను. ఆన్ చేశాను. మళ్లీ కిర్రు.

ఆ చిన్న కెమెరా ఇంటికొచ్చి నెలన్నరే అయింది. ఫోన్‌లో పిల్లల ఫోటోలు ఎక్కడ పోతాయోనన్న భయంతో కొనిపించుకున్నాను. కొన్నాక కెమెరా ఎక్కడ పాడవుతుందోనన్న భయం పట్టుకుంది. దానితో వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాను. ముఖం కనిపిస్తే చుట్టూ పసుపు గడి కట్టడం, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగడం, పది సెకన్లు ఆగి తనంతట తానే ఫోటో తీయడం, అన్నీ నేర్చుకున్నాను. ఇసుక, దుమ్ము, నీళ్లు తగలకూడదని రాశారు. మా ఇంట్లో వాటన్నిటికీ కలిపి ఒకటే పేరు: నా ఏడేళ్ల కొడుకు.

"రేయ్, కెమెరా ముట్టినవా?"

"లేదమ్మా, దేవుని ఒట్టు."

"మరి దానంతట అదే ఖరాబైందా?"

నాలుగేళ్ల చెల్లెలు వెంటనే సాక్ష్యం చెప్పింది. "అన్ననే ముట్టిండు." ఎప్పుడని అడిగితే "రేపు" అంది. నేను ఆ సాక్ష్యాన్ని కూడా ఒప్పుకున్నాను.

"అబద్ధాలాడేటోనితోని నేను మాట్లాడ" అన్నాను.

"నేను గూడ నీతోని మాట్లాడ. ఎప్పుడూ మాట్లాడ" అని వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా అత్తగారికి మాత్రం కారణం ముందే తెలుసు. "పూజల పెట్టిన సామాను ఆ దినం ముట్టొద్దంటే ఇన్నవా? మిక్సీని చూడు, ఎట్ల గమ్మున కూసుందో!"

పిల్లల్ని ఆమెకు అప్పగించి బజారులో కెమెరాలు బాగుచేసే అతని దగ్గరికి పరిగెత్తాను. దుకాణానికి బంతిపూల దండ వేసి ఉంది.

"అక్కా, నా పనిముట్లన్నీ పూజల ఉన్నయ్. ఈ దినం ముట్టను. రేపు రా."

నా ముఖం చూశాక అతనికి జాలి కలిగినట్టుంది. "నీ పిన్నీసుకు గూడ పూజ చేసినవా?"

"లేదు."

"అట్లయితే ఇయ్యి."

చీర పిన్నీసు తీసి ఇచ్చాను. అతను కెమెరాను బోర్లించి లెన్స్ అంచున మెల్లగా గెలికాడు. కాగితం మీద పసుపు రంగు బియ్యపు గింజ ఒకటి రాలింది.

"ఏందక్కా, కెమెరాకు అన్నం పెడ్తున్నవా?"

లెన్స్ పూర్తిగా బయటికొచ్చింది. అతను సరిచూడటానికి చివరి ఫోటో తెరిచాడు. అది పొద్దున పూజలో తీసింది. మిక్సీ, కుట్టుమిషన్, కత్తిపీటల వరుసలో స్టూలు మీద కెమెరాను కూడా పెట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టి, పది సెకన్ల టైమర్ నొక్కాను. అందరం అక్షింతలు వేస్తుండగా ఫోటో రావాలని నా ఆశ. "నేను చెప్పేదాంక ఎవ్వరు ఎయ్యొద్దు" అని ఆజ్ఞాపించి, ఉరికి వచ్చి అందరి ముందు నిలబడ్డాను. పూజ అందుకునేదీ ఫోటో తీసేదీ ఒకటే అయినప్పుడు అక్షింతలు ఎటు పోతాయో ఆలోచించలేదు.

ఫోటోలో అత్తగారు కళ్లు మూసుకుని దండం పెడుతున్నారు. పాప తన అక్షింతలు తింటోంది. బాబు పిడికిలి బిగించి, నేనెప్పుడు చెబుతానా అని నావైపే చూస్తున్నాడు. మొత్తం ఫోటోలో తెరిచి ఉన్న చెయ్యి ఒక్కటే. దానికి నా గాజులున్నాయి.

ఇంటికొచ్చేసరికి వాడు అన్నం తినకుండానే నిద్రపోయాడు.

తెల్లారి ఇద్దరినీ, అత్తగారు వినేలా, కూర్చోబెట్టుకుని ఫోటో చూపించాను. "కెమెరా ఖరాబు చేసింది అన్న కాదు, నేను. నువ్వు నిజం చెప్పినవ్ నాయనా, నేనే నమ్మలే. తప్పు నాది. ఇంద, ఈ దినమంతా కెమెరా నీదే. తాడు చేతికేసుకో. మెట్ల కాడ తియ్యకు. నీళ్ల దిక్కు పోకు. చెల్లికియ్యకు... సరే, ఏమన్న చెయ్యి. నాతోని మాట్లాడు చాలు."