దివాణంలో ఫంక్షన్ హాలు

రేపల్లె రోడ్డు మీద మా తాతల నాటి దివాణం ఉంది. ఆ ఆవరణలోనే, పూర్వం గుర్రపుశాల ఉన్న చోట, అన్నయ్య ఏసీ ఫంక్షన్ హాలు కట్టించాడు. పెళ్ళిళ్ళ అద్దెతో దివాణం పైకప్పు బాగుచేయించాలని ఆయన ఆశ. వాన పడితే ఇప్పటికీ లోపల బక్కెట్లు పెట్టేది నేనే.

ముహూర్తాలు మొదలుకాక ముందే ఎదురింటి పెద్దాయన పోయారు. పెద్దకర్మ నాడు కుండపోత వాన. వాళ్ళబ్బాయి తడుస్తూ వచ్చాడు.

"టెంటు కూలిపోయింది బాబాయ్ గారూ, భోజనాలకి హాలు ఇప్పిస్తారా?"

చావింటివాళ్ళను కాదనడం మా ఇంటా వంటా లేదు. రిబ్బను కత్తిరించకుండానే కొత్త హాల్లో కర్మ భోజనాలు జరిగిపోయాయి.

అంతే, ఆ తర్వాత పెళ్ళివాళ్ళెవరూ గేటు దాటలేదు. కోచింగ్ సెంటర్ పెట్టారు, ఎత్తేశారు. ధాన్యం బస్తాలు వేస్తే ఎలుకలు చేరాయి. జిమ్ము పెట్టినవాడు బిగించిన అద్దాలు తనే విప్పుకుపోయాడు. వాళ్ళ వెనకాల ఊడ్చీ ఊడ్చీ నాకు విసుగొచ్చింది. కర్మ భోజనాలకైతే అడిగేవాళ్ళున్నారు, అన్నయ్యే ఒప్పుకునేవాడు కాదు.

"అవన్నీ పిచ్చి నమ్మకాలు. ఒక్క పెళ్ళి జరగనీ, జనమే మర్చిపోతారు" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

మొన్న మాఘంలో ఆయన కూతురికే పెళ్ళి కుదిరింది. నేను సంబరపడి హాలంతా కడిగించాను. ఆ సాయంత్రం అన్నయ్య నావైపు చూడకుండా అన్నాడు.

"తెనాల్లో హాలు మాట్లాడానే."

"మగపెళ్ళివాళ్ళు అడిగారా?"

"లేదు. వాళ్ళేం అనలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఊరికి చెప్పిన నోరేనా ఇది అని అడగబోయి, ఆయన ముఖం చూసి ఆగాను.

"ఆడపిల్ల తండ్రిని కదే" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నా కూతురి పెళ్ళయినా నేనూ అదే చేసేదాన్ని.

పెళ్ళి తెనాలిలో బాగానే జరిగింది. తిరిగొచ్చిన మర్నాడు పక్క ఊరి నుంచి ఫోను వచ్చింది. ఎవరికో తల్లి పోయిందట, పెద్దకర్మకు హాలు ఇస్తారా అని మొహమాటంగా అడుగుతున్నారు. అన్నయ్య ఫోను పట్టుకుని కాసేపు కిటికీలోంచి హాలు వైపు చూశాడు.

"ఖాళీగానే ఉందండి. గిన్నెలు, నీళ్ళు అన్నీ ఇక్కడే ఉన్నాయి, వచ్చేయండి."

ఫోను పెట్టేసి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"గేటు మీద కల్యాణ మండపం బోర్డు దింపించు. ఏడుస్తూ వచ్చేవాళ్ళు, అది చూస్తే బాధపడతారు."