దేవకమ్మ వేసిన ముడి

దేవకమ్మకు ప్రాణమంటే ఇద్దరే, కూతురు భవిత, తమ్ముడు ఢిల్లీబాబు. ఇద్దరూ కళ్లముందే ఉండాలని వాళ్లిద్దరికీ ముడిపెట్టేసింది. నగరిలో మరమగ్గాల మోతలో బతికిన మనిషి, నిదానం ఆమె ఒంట్లోనే లేదు. మేనమామకు పిల్లనివ్వడం వాళ్లలో కొత్త కాదు, తప్పూ కాదు. పిల్ల తన వాకిట్లోనే ఉంటుందని వీధంతా చెప్పుకుని మురిసింది.

తొలిబిడ్డ జ్వరంతో పోయింది. దిష్టి అన్నారు. తర్వాత మోహన పుట్టాడు. మగ్గాల షెడ్డులో పెద్దవాళ్లు తడిసి ముద్దవుతుంటే వాడికి చుక్క చెమట పట్టేది కాదు. రాజా ఒళ్లు అని అమ్మమ్మ గొప్పలు పోయింది. ఆ ఒంటికే దగ్గూ జ్వరమూ ఒకదాని వెంట ఒకటి తగులుకున్నాయి.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డకు చెమట పడుతుందా అని అడిగింది. ఆ వెంటనే, మీది మేనరికమా అంది. దేవకమ్మ గుండెలో రాయి పడింది.

రోగంతో పోరాడే రక్తకణాల గోడల్లో సన్నటి దారులుంటాయట. అవి తెరుచుకుని కాల్షియం లోపలికి పోతేనే కణం కొట్లాటకు దిగుతుంది. మోహనకు ఆ దారి తెరుచుకోదు. చెమట పట్టడానికీ అదే దారి కావాలి. అయితే రోజూ రాగిజావ పట్టిస్తానంది దేవకమ్మ. ఎంత పోసినా లోపలికి పోయే దారేదమ్మా అంది డాక్టరమ్మ. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగిన లోపం బిడ్డలో జతపడిందట. సరిపోయే మనిషి ఎముకల మూలుగ ఎక్కిస్తే రోగాలను తట్టుకుంటాడు, చెమట మాత్రం రాదు. అలాంటి మనిషి దొరకడమే కష్టం.

ఇంటిల్లిపాదీ పరీక్షకు రక్తమిచ్చారు. భవిత తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తల్లి ముఖమే చూడడం మానేసింది. చేతులారా మనవడి గొంతు నులిమానని దేవకమ్మ లోలోపల కుమిలిపోయింది.

చివరికి ఢిల్లీబాబుది పూర్తిగా సరిపోయిందన్నారు. మామూలుగా తండ్రిది సగమే కలుస్తుందట, దగ్గరి చుట్టరికంలో అరుదుగా ఇలా జరుగుతుందట. దేవకమ్మ దండం పెట్టబోయి ఆగింది. మూలుగను బిడ్డ ఒళ్లు ఒప్పుకోకపోతే? ఎక్కించే ముందు ఇచ్చే మందులనే తట్టుకోలేకపోతే?

భవిత వచ్చి పక్కన కూర్చుంది.

"మామది సరిపోయిందంటమా. జన్మలో నీతో మాట్లాడకూడదనుకుంటిని. ఇప్పుడు నిన్ను ఏమనేది?"

దేవకమ్మ కూతురి వైపు తిరిగింది.

"బిడ్డను బతకనీమే," అంది. "అప్పుడు నీ తనివి తీరా తిట్టు."