మా అక్క పెట్టుకున్న కంటి పరీక్ష

మా అక్క కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పటి నుంచీ అంతే. కానీ ఆ మూడు నాలుగు వారాలూ నన్ను కాల్చుకు తినేసింది. లేవడం, పళ్ళు తోముకుంటూనే బాల్కనీలోకి పోవడం, ఎదురు మేడ మీది నీళ్ళ ట్యాంకు వంక చూడడం, లోపలికి రావడం, మళ్ళీ పోవడం. ఉన్నవి రెండు గదులు. నా కుట్టుమిషను సరిగ్గా దారిలో ఉంటుంది. ఆవిడ తిరిగినప్పుడల్లా నేను కాళ్ళు ముడుచుకోవాలి. "ఒక్క నిమిషం కూర్చోవే తల్లీ" అంటే, "కూర్చుంటే ఎగిరిపోతుంది" అనేది.

ఎగిరిపోయేది గద్ద. లేదా డేగ. అదేంటో చెప్పడమే పరీక్ష.

అక్క ఇరవై ఆరేళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. వెనక గదిలో. డాక్టరు రాసిన చీటీ చూసి, అద్దం మధ్యలో సిరా చుక్క పెట్టి, ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి బిగించడం ఆవిడ పని. ఆ చుక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా పెట్టుకున్నవాళ్ళకి తల తిరుగుతుంది. "నా చేతి మీదుగా పోయిన జోడు తిరిగి రాదు" అని గొప్పలు పోయేది. నిజమే, మొన్నటి ఎండాకాలం దాకా రాలేదు. తర్వాత ఒకే నెలలో రెండు తిరిగొచ్చాయి. ఒకావిడైతే నేల ఏటవాలుగా కనిపిస్తోందంటూ గోడ పట్టుకుని నడిచొచ్చిందట.

యజమాని మంచివాడు. "మీ కళ్ళు కూడా ఒకసారి చూసుకోండమ్మా" అన్నాడు. అక్క ముందు గదిలో కుర్చీలో కూర్చుని, గోడ మీది అక్షరాల పట్టిక పైనుంచి కిందిదాకా గడగడా చదివేసింది. చదవదూ మరి! ఆ పట్టిక తగిలించిందే ఆవిడ. రోజూ దుమ్ము దులిపేదీ ఆవిడే. నిద్రలో లేపి అడిగినా చివరి వరుస వెనక నుంచి ముందుకి చెబుతుంది. యజమాని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అక్క ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"చదివానే. కానీ కనిపించి చదివానో, గుర్తుండి చదివానో నాకే తెలియడం లేదు."

"అయితే ఇంకో దుకాణంలో చూపించుకో. వాళ్ళ పట్టిక నీకు రాదుగా."

"చూపుకి తేడా వచ్చిందని తేలితే? ఆ గదిలోంచి లేపేస్తారు. ఇంట్లో నీ మొహం చూస్తూ కూర్చుని నేనేం చెయ్యను?"

మా అమ్మ పోయాక అక్క ఆ గదిలో పనిచేసి నన్ను చదివించింది, మిషను కొనిపెట్టింది. ఆ పని పోతే అక్కకి ఏం మిగులుతుందో తలుచుకుంటేనే నాకు భయం వేసింది.

ఉపాయం ఆవిడే కనిపెట్టింది. బట్టీ పట్టడానికి వీల్లేని పట్టిక కావాలట. ట్యాంకు మీద వాలే వేటపిట్టలు ఒకరోజు వచ్చినట్టు ఇంకోరోజు రావు. "ముందు నేను చెబుతాను. నువ్వు చూసి సరో కాదో చెప్పు. ముందే నోరు జారావో, చంపేస్తాను." నా దూరపు చూపు మీద ఆవిడకి అంత నమ్మకం.

పాత పుస్తకాల కొట్లో బొమ్మల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. గద్ద తోక చివర చీలి ఉంటుంది, ఎగిరేటప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పుతుంది. డేగ అందులో సగం ఉంటుంది. తోక చివర గుండ్రం, ఛాతీ మీద అడ్డచారలు. మొదటి వారం మేం పెద్ద డేగ, చిన్న డేగ అని రెండు జాతులు రాసుకున్నాం. తీరా పుస్తకం చూస్తే అవి ఆలుమగలు. ఈ పక్షుల్లో ఆడదే పెద్దదట. అదేదో తనే దగ్గరుండి చేయించినట్టు అక్క ఆ పూటంతా ఒకటే మిడిసిపాటు.

రెండు వారాలు ఒక్కటీ తప్పలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అక్క మాత్రం పీల్చుకోలేదు. టీ చల్లారబెట్టేది, చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పేది, "ఇంకొక్కటి చూసి పోతాను" అనేది.

అప్పుడు గమనించాను. జవాబు చెప్పేముందు ఆవిడ తల కాస్త పక్కకి వంచుతోంది. గద్ద వాలితే కాకులు వెంటపడి గోల చేస్తాయి. డేగ వాలితే కాకులు అంతగా పట్టించుకోవు, ప్రహరీ మీద ఉడతలు కీచుకీచుమంటాయి. అక్క చూడడం లేదు, వింటోంది. తెలిసి చేస్తోందో తెలియక చేస్తోందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ వారమే మా వీధి తవ్వడం మొదలుపెట్టారు. పొద్దున ఏడింటికే తవ్వే మిషను మొదలయ్యేది. కిటికీలు అదిరేవి, పక్క మనిషి మాట కూడా అరిస్తేనే వినిపించేది.

మొదటిరోజు ట్యాంకు మీద డేగ కూర్చుంది. ఛాతీ మీద చారలు నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అక్క చాలాసేపు చూసి, "గద్ద" అంది.

"సరే" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

రెండోరోజు ట్యాంకు మీద ఏమీ లేదు. మూత కాస్త పక్కకి జరిగి ఉంది, అంతే. "గద్ద" అంది. మళ్ళీ "సరే" అన్నాను. చాలా రోజుల తర్వాత హుషారుగా, కూనిరాగం తీస్తూ పనికెళ్ళింది. నేను ఆ రోజు రెండు సూదులు విరిచాను, ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అక్క చేసిన జోడు పెట్టుకుని ఏ ముసలాయనో మెట్ల మీద అడుగు తప్పుతున్నట్టు సాయంత్రం దాకా అదే కళ్ళ ముందు ఆడింది.

మూడోరోజు రెయిలింగు పట్టుకుని ముందుకి వంగింది. "గద్దే. ఇవాళ తోక చీలిక కూడా తెలుస్తోంది!" అని మిషను మోతలో అరిచింది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి తలుపు మూశాను.

"అక్కా, అక్కడ ఏమీ లేదు. ట్యాంకు మూత, అంతే."

నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"నిన్న?"

"నిన్న కూడా లేదు."

"మొన్న?"

"డేగ."

"నేను గద్దన్నాను."

"అన్నావు."

"నువ్వు సరేనన్నావు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. గోడకి ఆనుకుని కదలకుండా నిలబడి ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "యజమానికి కలిపివ్వు, నంబర్లు కనిపించడం లేదు" అంది. కలిపిచ్చాను.

"నేనేనండీ. మొన్నా నిన్నా నేను బిగించిన జోళ్ళు ఐదున్నాయి, ఎవ్వరికీ ఇవ్వకండి. పట్టుకెళ్ళిపోయారా? ఎవరు? అయితే వాళ్ళింటికి ఇప్పుడే మనిషిని పంపించండి, అవి పెట్టుకుని బయటికి వెళ్ళొద్దని చెప్పమనండి." అవతల ఆయన ఎందుకని అడిగినట్టున్నాడు. "పట్టిక నాకు కంఠతా వచ్చండీ" అంది.