పొట్టి గొట్టాలు

ఎనభయ్యో దశకంలో నేను ఒక పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్లకు యంత్రం నడిపేదాన్ని. డాక్టరు గుండె ఆపి కుట్లు వేస్తున్నంతసేపూ రోగి రక్తం గొట్టాల గుండా ఆ యంత్రంలోకి వచ్చి, ప్రాణవాయువు కలుపుకొని మళ్లీ ఒంట్లోకి వెళ్లేది. ముందుగా గొట్టాలన్నీ సెలైన్‌తో నింపాలి. అది కలిసి రక్తం గులాబీ షర్బత్‌లా పల్చబడేది. దాంతో బయటి రక్తం సీసా మీద సీసా ఎక్కించేవాళ్లం. అలా ఎక్కించిన ఒకాయనకు తర్వాత ఆ రక్తం వల్లే కామెర్లొచ్చాయి. మా సర్జన్‌గారు అది మరిచిపోలేదు.

అప్పుడొచ్చింది జహనుమా బస్తీలోని ఒక దర్జీ భార్య. గుండె కవాటం పాడై, మెట్లెక్కితే ఆయాసపడేది. మరీ బక్కపలచటి మనిషి. ఆమెకున్న కాస్త రక్తంలో అంత సెలైన్ కలపడమంటే నాకు భయమేసింది.

"మిషన్‌ని టేబుల్ పక్కకే జరిపితే?" అన్నారు సర్జన్‌గారు.

"గొట్టాలు సగానికి కోసెయ్యొచ్చు సార్, సెలైన్ కూడా సగమే పడ్తది. కానీ మీ మోచెయ్యి నాకు తగుల్తది."

"తగలనీ తల్లీ."

ఆదివారం ఖాళీ థియేటర్లో ఉత్త నీళ్లతో నడిపి చూశాం. టేబుల్ మీంచి మిషన్‌లోకి నీళ్లు సరిగా దిగలేదు. టేబుల్ ఎత్తు పెంచాక దిగాయి. ఇక సర్జన్‌గారు పీట ఎక్కి నిలబడాల్సి వచ్చింది.

ఆపరేషన్ రోజు దర్జీ రక్తమివ్వడానికి తన తమ్ముళ్లనీ బస్తీవాళ్లనీ వెంటబెట్టుకొచ్చాడు. "బెహెన్, ఖూన్ ఎంత కావాల్నో తీస్కోండి. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు.

లోపల యంత్రం తిరుగుతుంటే గొట్టంలో రక్తం చిక్కగా, ఎర్రగా కనిపించింది. పరీక్షకు పంపితే బాగానే ఉందన్నారు. చివర్లో, గొట్టాల్లో మిగిలిపోయి ఇదివరకు పారబోసే రక్తాన్ని కూడా నెమ్మదిగా ఆమె ఒంట్లోకే పంపాను.

బయటికి రాగానే దర్జీ లేచాడు. "ఎంతమందిని పంపాలె బెహెన్?"

"ఆపరేషన్ బాగా అయింది భాయ్, ఎవ్వరూ అక్కర్లేదు. ఆమె రక్తమే ఆమెకు సరిపోయింది."

"ఒక్క సీసా గూడ వద్దా?"

"ఒక్కటి గూడ వద్దు."

అతని తమ్ముడు మడిచిన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "మా ఇంట్ల పొద్దుగాల్నే జబర్దస్తీగ గుడ్లు తినిపిచ్చిన్రు. గిప్పుడేంది మరి?"

వరండా అంతా నవ్వింది. నవ్వుతూనే దర్జీ ఏడ్చేశాడు.

సాయంత్రం యాకుత్‌పురా బస్సులో సీటు దొరకలేదు. పక్కనున్న పెద్దామె, "ఏందమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్?" అని అడిగింది. నా స్టాపు వచ్చేదాకా ఆమెకు చెబుతూనే ఉన్నాను.