నాలుగు కళ్ళ కుక్క

మా ఆయనకు మతిమరుపు ముదిరి, గేటు తీసుకుని ఎటో వెళ్ళిపోవడం మొదలయ్యాక కుక్కను తెచ్చుకోవాలనుకున్నాను. బజారు కొట్లో కూర్చున్నన్నాళ్ళూ ఒకసారి వచ్చిన గిరాకీ ముఖం మరిచిపోని మనిషి. ఇప్పుడు మా నటేశన్ నగర్ వీధి మలుపులోనే, ఇల్లు ఏదో తెలియక నిలబడిపోయేవారు. నేను వంటింట్లో ఉన్నా పూజలో ఉన్నా, గేటు కదిలితే మొరిగే కుక్క కావాలి. అంతే.

కాలాపేట దగ్గర ఒకావిడ వీధికుక్కలను చేరదీసి, అడిగినవాళ్ళకు ఇస్తుంది. పక్కింటి అమ్మాయిని తోడు తీసుకుని వెళ్ళాను. ఇంట్లో ఎవరుంటారు, దాన్ని ఎవరు తిప్పుతారు అని ఆవిడ ఓపికగా అడిగి, ఒక గోధుమరంగు కుక్కను చూపించింది. అప్పటికే అది మమ్మల్ని చూసి గొంతు చించుకుంటోంది.

"చీమ కదిలినా అరుస్తుందమ్మా. మీ ఇంటికి ఇదే సరి."

నాకు నచ్చలేదు. శనివారాలు మా ఇంట్లో భజన గోష్ఠి కూడుతుంది. నామం మధ్యలో ఇది మొరిగితే? సంబంధమైనా, స్థలమైనా, తేల్చుకోలేనప్పుడు నామం చెప్పి కళ్ళు తెరవడం, ముందు కనబడినదే భగవంతుడి మాట అనుకోవడం మా గోష్ఠిలో అలవాటు. నేనూ అదే చేశాను. కళ్ళు మూసుకుని గోవింద నామం అందుకున్నాను. కుక్కలన్నీ గోల పెట్టాయి. కళ్ళు తెరిస్తే ఒక నల్ల కుక్క మాత్రం, చెవి కూడా కదపకుండా నన్నే చూస్తోంది.

"అది వద్దక్కా," అంది పక్కింటి అమ్మాయి. "కంటి మీద ఇంకో కన్ను ఉండే మాదిరి ఉండాది. బయం వేస్తాది."

"నువ్వు ఊరుకోవే. నామం వింటా ఉండాది చూడు."

దాని కనుబొమల చోట రెండు గోధుమరంగు చుక్కలున్నాయి. యమధర్మరాజు వాకిట కాపలా ఉండే కుక్కలకు నాలుగేసి కళ్ళని చిన్నప్పుడు నాన్న ఒక మంత్రానికి అర్థం చెప్పడం గుర్తుకొచ్చింది. అయినా భగవంతుడు చూపించినదాన్ని కాదనకూడదని తెచ్చుకున్నాను.

వారం తిరగకుండానే పక్కింటి అమ్మాయి చేతిలోంచి ఎవర్‌సిల్వర్ స్టీలు పళ్ళెం జారి దాని వెనకే పడింది. అది తల కూడా తిప్పలేదు.

"ఏందక్కా ఇది! నీ భక్తురాలు సుద్ధ చెవిటిది!" అని పడీ పడీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చెవిటిదే కాదు, దాని గొంతు కూడా మేము ఒక్కసారీ వినలేదు. కానీ ఆయన కుర్చీలో నిద్రపోతుండగా అది లేచి గేటు వైపు నిలబడేది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచి, అటే చూసేవారు. ఎప్పుడూ అదే ముందు. ఆయనను కనిపెట్టడం మాని నేను దాన్ని కనిపెట్టడం మొదలుపెట్టాను.

ఒక వాన మధ్యాహ్నం పొయ్యి ఆపి వచ్చేసరికి ఇద్దరూ లేరు. గేటు తెరిచి ఉంది. ఆటోలో వీధులన్నీ తిరిగి, చివరికి తేంగాయితిట్టు రేవులో చూశాను. చేపల వేలం ముగిసి రేవంతా ఖాళీగా ఉంది. నీళ్ళలోకి దిగే మెట్ల మీద ఆయన కూర్చున్నారు. కింది మెట్టు మీద, నీళ్ళకు వీపు పెట్టి కుక్క.

"ఇంత దూరం ఎందుకు వచ్చినారు?"

"ఇదే పిలిచింది."

"అది అరవనే అరవదు గదా!"

"నీకు వినపడదులే," అన్నారు నెమ్మదిగా. "రా అన్నది. ఈడికి వచ్చినాంక, ఇప్పుడు కాదు కూచో అన్నది."

కాలాపేట ఆవిడ సంగతి విని, దాన్ని తిరిగిచ్చి గోధుమరంగుది తీసుకెళ్ళమంది. నేను ఇవ్వలేదు. పిలిచిందీ ఆపిందీ ఒకటే అయినప్పుడు దేన్ని పంపించను? గేటుకు తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకున్నాను. యముడి కుక్కల పేరు చెప్పి వీధికుక్కలకు బలి అన్నం వేసే నాన్నను తలచుకుని, రోజూ మొదటి ముద్ద దానికే పెడుతున్నాను.

ఈ మధ్య అది ఆయన కుర్చీ వదిలేసింది. నా వెనకే తిరుగుతోంది. ఈ రోజు పొద్దున నామం చెబుతూ కళ్ళు తెరిస్తే, ఎదురుగా కూర్చుని, ఆ మొదటి రోజులాగే చూస్తోంది. నేను నామం ఆపలేదు. ముగించి, రెండో తాళంచెవి తీసుకెళ్ళి పక్కింటి అమ్మాయి చేతిలో పెట్టాను.

"ఇప్పుడెందుకక్కా?"

"నీ దగ్గర కూడా ఒకటి ఉండనీ. నేను లేనప్పుడు ఆయన గేటు దగ్గరికి వస్తే చూసుకో."