తూము మీద రాలిన పసుపు

మేకను కొట్టి మొక్కు తీర్చుకునేవాణ్ణి చూస్తే మీకు నవ్వొస్తుందా? వస్తే ఈ నాలుగు మాటలు మీకోసమే. నాకూ వచ్చేది, అదీ కాస్త గట్టిగానే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగు సెక్షనుకు సూపర్వైజరుగా మార్చారు. కాలువల కొలువులో సూపర్వైజరంటే ఇంజనీర్లందరికీ కిందివాడు, లస్కర్లందరికీ పైవాడు. లస్కరంటే తూము దగ్గర కాపలా ఉండి తలుపు ఎత్తి దించే మనిషి. పెద్దముడియం దారిలో ఒక ఊరి దగ్గర నా కింద ఉన్న పెద్ద తూముకు లస్కరు మస్తాన్. ఉద్యోగం ఖాయం కాలేదు. ఇంట్లో తినే నోళ్లు ఆరు.

ఆ తూము తలుపు ఇనుపది. దాని నెత్తిన నిలువుగా ఒక ఉక్కు కడ్డీ, కడ్డీ పొడవునా మరలు. అరుగు మీది ఇనుప పెట్టెలో ఒక కంచు నట్టు. చక్రం తిప్పితే నట్టు తిరుగుతుంది, కడ్డీ పైకి లేస్తుంది, దానితో తలుపూ లేస్తుంది. ఇంతే యంత్రం.

నేను చేరిన నెలలోనే కాలువకు నీళ్లు వదిలారు. ఆ రోజు ఊరి పెద్ద ఓబుల్రెడ్డి తూము గంగమ్మకని మేకను తెచ్చాడు. సాయిబులతో సహా అందరూ తినాలి కాబట్టి కోసేది మస్తానే. కోశాక కొవ్వు తీసి, కడ్డీకి కింది నుంచి పైదాకా పూసి, తలుపును రెండుసార్లు ఎత్తి దించాడు. అది అమ్మకు ఒళ్లు రుద్దడమట.

సంస్కరణ సభల్లో గొంతు పెంచుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? ఆ అరుగు మీదే నిలబడి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఇనుముకు కొవ్వు పూస్తే నీళ్లొస్తాయా, పైనుంచి వదిలితే వస్తాయా అని అడిగాను.

ఓబుల్రెడ్డి తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "యాడి నుంచి వచ్చినావప్పా నువ్వు? మా అమ్మను పట్టుకొని ఇనుపకడ్డీ అంటాండావే!"

"ఇనుపకడ్డీ కాదు, ఉక్కుకడ్డీ" అని సరిదిద్దాను. జనం నవ్వారు. నవ్వును ఒప్పుకోలుగా లెక్కేసుకుని, ఇకమీదట సర్కారు తూము మీద ఎవరేమి పూసినా చర్య తప్పదని హుకుం జారీ చేశాను. వాదనతో గెలిచానని ఊళ్లన్నీ తిరిగి చెప్పుకున్నాను. నిజానికి గెలిచింది హుకుం.

మరుసటి ఏడాది మేక రాలేదు, గుమ్మడికాయ వచ్చింది. గుమ్మడికాయకు ప్రాణం లేదు కాబట్టి నా సంస్కరణ దాన్ని ఉపేక్షించింది. కొన్నాళ్లకు అరుగు మీద పచ్చటి పొడి రాలడం మొదలైంది. అమ్మ పసుపు రాలుస్తాందని ఆడవాళ్లు దాన్ని వేలితో తీసి మెడకు రాసుకున్నారు. ఎవరో పసుపు చల్లి వేషాలేస్తున్నారని నేను కాలితో తుడిచేశాను. చక్రం ఒక్కడితో తిరగడం లేదని మస్తాన్ చెబితే, సరిగ్గా తిను అన్నాను.

ఆ ఏడాది ఆఖరులో నట్టు మరలు తెగి తలుపు దబ్బున పడింది. ప్రొద్దుటూరులో కొత్త నట్టు పోత పోయించి బిగించాం. ఏడాది తిరిగి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నెలలోనే, కింద వరి పొట్ట మీదుండగా అదీ తెగింది. గొలుసు కప్పీతో తలుపెత్తి దుంగలు పెట్టి నీళ్లయితే పారించాం. అమ్మకు కోపమొచ్చిందని ఊరు తేల్చింది. మా పై అధికారి, అసిస్టెంట్ ఇంజనీరు, మస్తాన్ మొరటుగా తిప్పి విరగ్గొట్టాడని తేల్చాడు. ఎందుకు తీసెయ్యకూడదో వారంలో చెప్పమని మెమో ఇచ్చాడు. మస్తాన్‌కు చదువు రాదు. ఆ కాగితం నా చేతికే ఇచ్చి చదివించుకున్నాడు.

"ఏముంది సార్ దాంట్లో?"

చెప్పాను. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

నట్టుకే బలం చాలలేదని చూపించి అమ్మ మీదా, అధికారి మీదా ఒకేసారి గెలవాలని లెక్కకు కూర్చున్నాను. లెక్క కష్టమైనదేమీ కాదు. తలుపు బరువు, నీళ్లు దాన్ని గాడికేసి నొక్కడం వల్ల పుట్టే రాపిడి కలిపితే కడ్డీ మీద పడే భారం పదకొండు వేల పౌండ్లు. ఆ భారమంతా నట్టు లోపలి మరచుట్ల మీదే కూర్చుంటుంది. ఒక్కో చుట్టూ ఒక సన్నని మెట్టు. మర లోతు పావంగుళం, సగటు చుట్టుకొలత అయిదున్నర అంగుళాలు. రెండూ గుణిస్తే ఒక మెట్టు వైశాల్యం. నట్టులో ఎనిమిది చుట్లు. ఎనిమిదీ కలిస్తే పదకొండు చదరపు అంగుళాలు. భారాన్ని దానితో భాగిస్తే చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు. ఉక్కు కడ్డీ, దాని మీద మెల్లగా తిరిగే కంచు నట్టు అయితే అంతకు ఒకటిన్నర రెట్లయినా తట్టుకుంటాయని మా ఇంజనీరింగు చేతిపుస్తకంలోని పట్టిక చెబుతోంది.

నా లెక్క చూసి అసిస్టెంట్ ఇంజనీరు మొహం వెలిగిపోయింది. "అయితే నట్టు మంచిదే, మనిషే చెడ్డవాడన్నమాట. అదే రాసి పంపండి" అన్నాడు. మస్తాన్‌ను కాపాడాలని వేసిన భాగహారం వాడి మెడకే చుట్టుకుంది.

రాయడానికి ముందు తెగిన నట్టు పట్టుకుని ప్రొద్దుటూరు పోత పనివాడు వీరాచారి దగ్గరికి పోయాను, కంచు కల్తీ అయినా బయటపడుతుందన్న ఆశతో. ఆయన నట్టును బండకేసి తట్టాడు. లోపలి నుంచి పచ్చటి పొడి రాలింది. అచ్చం పసుపే.

"కంచు మేలైందే సామీ. ఎండి అరిగి సచ్చింది. దీనికి యాడన్నా రవ్వంత జిడ్డుందా, సూడు" అన్నాడు.

అరుగు మీద నేను కాలితో తుడిచేసిన పసుపు కళ్లముందు మెరిసింది. అక్కడే సంచిలోంచి చేతిపుస్తకం తీసి తెరిచాను. పట్టిక నెత్తిన చిన్న అక్షరాల్లో ఉంది: జిడ్డు పెట్టిన మరలకు మాత్రమే. ఊళ్లో అందరికీ పూర్తిగా చదవమని బోధించేవాణ్ణి, నా పుస్తకంలో ఒక పంక్తి ఎగరేశాను.

తూము దగ్గరికి పోయి మస్తాన్‌ను నిలదీశాను. కడ్డీకి ఏమీ పూయడం లేదా అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"మీరే గదా సార్, ఇనుముకు కొవ్వు పూసేది తెలివిలేని పని, పూస్తే చర్య తీసుకుంటామంటిరి. ఆ పొద్దు నుంచి వేలు గూడా పెట్టలా."

మా సెక్షనంతటిలో నా ఉపన్యాసాన్ని మాట తప్పకుండా పాటించినవాడు వాడొక్కడే. దానికి ఫలితం ఆ మెమో.

నట్టు మళ్లీ పోయించాను. గ్రీజు కావాలని పై ఆఫీసుకు ఇండెంటు పెడితే, ఇన్నేళ్లుగా అక్కరలేని గ్రీజు ఇప్పుడెందుకని తిరిగొచ్చింది. ఆముదం నిలువు కడ్డీ మీద నిలవదు, కారిపోతుంది. ఇక మిగిలింది ఒకటే. జమ్మలమడుగులో కసాయి దగ్గర రెండు వీశెల మేక కొవ్వు కొని, పాత కాగితంలో చుట్టి, అందరూ చేలల్లో ఉండే వేళ చూసుకుని తూమెక్కాను. మస్తాన్ చక్రం తిప్పుతున్నాడు, నేను మోచేతుల దాకా కొవ్వుతో కడ్డీకి పూస్తున్నాను.

"ఏందప్పా, అమ్మకు ఒళ్లు రుద్దుతాండావా?"

గట్టు మీద ఓబుల్రెడ్డి. వెనక పదిమంది.

"అమ్మకు కాదు, నట్టుకు" అన్నాను.

"ఓహో. నట్టమ్మా! మొక్కు గట్టిదే మొక్కినట్టుండావే, మోచేతుల దాకా పూస్తాండావు."

మస్తాన్ మొహం చక్రం వైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

చేతులు కడుక్కునే అవకాశం కూడా ఇవ్వలేదు. అదే అరుగు మీద, అదే జనానికి చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదిమంది బరువు మోస్తున్నారనుకోండి, నెత్తిన చుట్టకుదురు లేకపోతే తోలు లేచిపోతుంది, ఈ కొవ్వే ఆ చుట్టకుదురు అన్నాను. పచ్చటి పొడి పసుపు కాదని, నట్టు అరిగిన పొడి అని చెప్పాను. పూయొద్దన్నది నేనే కాబట్టి నట్టు విరగ్గొట్టింది మస్తాన్ కాదు, నేనే అన్నాను.

ఓబుల్రెడ్డి ఈసారి నవ్వలేదు. "శానా బాగా చెప్పినావు. ఆ పొద్దు గంటసేపు అరిస్తివే, ఎందుకు పూస్తాండారని ఒక్క మాట మమ్మల్ని అడిగినావా?"

"అడిగుంటే మీకు తెలుసా?" అన్నాను.

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "తెల్దు. అమ్మకనే చెప్పేవాళ్లం" అన్నాడు నిజాయితీగా. ఆ మాటకు ఇద్దరం నవ్వాం.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. జిడ్డు పెట్టడం ఆపించింది సూపర్వైజరు నోటి ఉత్తర్వేనని, లస్కరు దాన్ని పాటించాడని. ఆ వాక్యం కొట్టెయ్యమని అసిస్టెంట్ ఇంజనీరు రెండుసార్లు చెప్పాడు. కొట్టెయ్యలేదు. మస్తాన్ మెమో రద్దయింది, నాకొక మెమో వచ్చింది. దాన్ని నేనే చదువుకున్నాను. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ నట్టు మళ్లీ తెగలేదు, పసుపూ రాలలేదు.

నా అభిప్రాయాలు మారలేదు. ఆ తూములో అమ్మ లేదు, ఎనిమిది చుట్ల కంచు ఉంది. అయితే ఊరివాళ్లు కారణం మరిచి తంతు పట్టుకున్నారు, నేను తంతుతోపాటు కారణాన్నీ కాలువలో పారేశాను. కష్టపడ్డది మాత్రం మస్తాన్. వద్దనేవాడు ముందుగా ఎందుకని అడగాలి. ఎవరికీ జవాబు తెలియకపోతే తానే కనుక్కోవాలి.

చదివి తల ఊపి పక్కన పెట్టకండి. రేపు పొద్దున మీ ఊరి తూము దగ్గరికి పోండి. కడ్డీ మీద వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే ముందు జిడ్డు పూయండి. దేవుడున్నాడా లేడా అన్న వాదన చేతులు కడుక్కున్నాక పెట్టుకోండి.