ఆ సబ్‌వూఫర్ నేను చేసిందే

మూడు వేల వాట్లట. కాశీబుగ్గ బజార్లో ఏ స్పీకరు సెట్టు చూసినా అదే స్టిక్కరు, బంగారు రంగు అక్షరాలతో. మూడు వేల వాట్లంటే మూడు ఇస్త్రీ పెట్టెలు ఒక్కసారి వేసినట్టు. వెనక్కి తిప్పి చూస్తే కరెంటు తాగేది నలభై వాట్లని చిన్నక్షరాల్లో వాళ్ళే అచ్చేసుకున్నారు. నలభై తాగి మూడు వేలు ఎలా కక్కుతుందయ్యా అని అడిగితే, కొట్టువాడు నాకేసి చూడకుండా పక్కనున్న మా ఆయనకేసి చూసి నవ్వాడు. ఇళ్ళలోకి వీసీడీలు కొత్తగా వస్తున్న రోజులవి. ఇన్నేళ్ళయినా ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. మాది ఉద్దానం సముద్రపు ఒడ్డున చేపల వేటకెళ్ళే ఇల్లు. మా ఊళ్ళో ఆడపిల్ల అంతదాకా చదవడం అదే మొదలు. చదువు అవగానే మేనత్త కొడుక్కిచ్చి చేసేశారు. ఆయన పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్ళయ్యాక కూడా నేను బావ అనే పిలుస్తాను. నా డిప్లొమా కాగితం ట్రంకు పెట్టెలో చేరింది. వీధిలో వాళ్ళ రేడియోలూ టేప్‌రికార్డర్లూ నేనే బాగుచేసేదాన్ని. తీరా ఇచ్చేటప్పుడు ఏమనేవారనుకున్నారు? "మీ ఆయనకి ఓసారి సూపించమ్మా" అని ఇచ్చేవారు. బాగైనాక తీసుకెళ్తూ బావకి దణ్ణం పెట్టేవారు. బావకి సోల్డరింగు కడ్డీ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు.

అందుకే ఒక సబ్‌వూఫర్, అదే లోతు శబ్దం పలికే స్పీకరు పెట్టె, మొదటినుంచీ నేనే చేద్దామనుకున్నాను. బాగుచేయడం కాదు, చేయడం. ఇంటికొచ్చినవాళ్ళు అది విని, ఎవరు చేశారని అడిగి, చేసింది ఈవిడ అని ఒక్కరి నోటైనా రావాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. అది పెద్ద కోరికేమీ కాదు కదా.

ఆంప్లిఫయర్ బోర్డు ముందే తెచ్చుకున్నాను. అది ఎనిమిది ఓమ్స్ స్పీకరుకే పనికొస్తుంది. ఓమ్స్ అంటే స్పీకరు కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో ఆ లెక్క. నాలుగు ఓమ్స్‌ది తగిలిస్తే రెట్టింపు కరెంటు లాగేసి బోర్డు వేడెక్కి చస్తుంది. ఈ రెండింటికీ జత కుదరాలి, అసలు పనంతా అక్కడే ఉంది. ఆ కొట్టువాడిని ఎనిమిది అంగుళాల స్పీకరు, ఎనిమిది ఓమ్స్‌ది అడిగాను. వాడు ఒకటి తీసి బావ చేతిలో పెట్టాడు. నేను సంచిలోంచి మీటరు తీసి స్పీకరు తీగలకి ఆనించాను. ఎనిమిది ఓమ్స్‌దైతే మీటరు కాస్త తక్కువగా, ఆరూ ఏడూ మధ్య చూపించాలి. మూడున్నర చూపించింది. ఇది నాలుగుది బాబూ అన్నాను. నాలుగైతే సౌండు ఇంకా బాగా వస్తుందని వాడు బావకి చెప్పాడు. బావ, అమ్మేవాడికి తెలీదేటే, పరువు తీత్తన్నావు అని నా చెవిలో గొణిగాడు. పరువు నేను తీశానట, అబద్ధం చెప్పినవాడు తీయలేదట. మీటరు కొట్టు బల్ల మీద పెట్టి, సరైనది ఇచ్చేదాకా కదల్లేదు. మూడో స్పీకరుకి ఆరున్నర వచ్చింది. అప్పుడు కూడా వాడు ప్యాకింగు కట్టి బావకే ఇచ్చాడు.

ఇక పెట్టె. సబ్‌వూఫర్‌కి పెట్టె సగం ప్రాణం. అతుకుల్లోంచి గాలి పోకూడదు. నాకు తెలిసినంతలో అలా అతుకు వేయగలిగినవాడు మా మావ ఒక్కడే, అమ్మ తమ్ముడు. ఆయన పడవలు చేస్తాడు. ముప్పావు అంగుళం ప్లైవుడ్డు బస్సు మీద వేసుకుని ఊరెళ్ళి, కాగితం మీద బొమ్మ గీసిచ్చాను. ముందు స్పీకరుకి పెద్ద చిల్లు, వెనక ఒక గొట్టం. గొట్టం ఎంత పొడుగుండాలో కూడా రాశాను. అతుకుల్లోంచి గాలి పోతే పని మొత్తం చెడుతుందని పదిసార్లు చెప్పాను. మావ అతుకుల్లో దూది కూరి, పడవకి రాసినట్టే గుగ్గిలం నూనెలో మరిగించి పూశాడు. వారం తిరక్కుండా పెట్టె ఇంటికొచ్చింది. చూడ్డానికి ముచ్చటేసింది.

బోర్డు బిగించి, స్పీకరు బిగించి, వీసీడీ పెట్టాను. వీధివాళ్ళు నలుగురొచ్చి కూర్చున్నారు. దుప్పటి ముసుగేసుకున్నవాడు మాట్లాడినట్టు వచ్చింది శబ్దం. బావ, మా ఆవిడ లెక్కలన్నీ కాగితమ్మీదే బాగుంటాయని అందర్నీ నవ్వించాడు. పళ్ళు నూరుకుని లోపలికెళ్ళిపోయాను. వాళ్ళు పోయాక స్పీకరు మోగుతుండగానే వెనక గొట్టం దగ్గర అరచేయి పెట్టి చూశాను. గాలి తగలాలి, తగల్లేదు. చీపురుపుల్ల దూర్చాను. గొట్టం పొడుగంత దూరం వెళ్ళి ఆగిపోయింది. స్పీకరు విప్పి చేయి పెడితే, గొట్టం లోపలి మూతికి చక్కగా చెక్కిన కర్రబిళ్ళ, చుట్టూ గుగ్గిలం.

మర్నాడే ఊరెళ్ళి మావ మీద విరుచుకుపడ్డాను. మావకి నా కోపం అర్థం కాలేదు. "సిల్లొగ్గేత్తే మునిగిపోదేటే? గాలి పోకూడదని నువ్వే గదా సెప్పినావు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి చిల్లు కనిపిస్తే మూయకుండా వదిలింది లేదు. గాలి అతుకుల్లోంచి పోకూడదు, ఆ ఒక్క దారినే రావాలి పోవాలి, ఆ దారి పొడుగుని బట్టే శబ్దం లోతు అని ఇసకలో గీసి చెప్పాను. అంతా విన్నాడు. సరేగాని, తీసేముందు మీ ఆయన్ని కూడా ఓ మాట కనుక్కో అన్నాడు. ఓలమ్మో, ఆ మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది. నన్నెత్తుకుని పెంచిన మావ ఆయన. ఇంటికొచ్చి, ఎవర్నీ కనుక్కోకుండా ఉలితో ఆ బిళ్ళ ఊడగొట్టాను.

ఈసారి వీసీడీ పెడితే గూట్లో స్టీలు గ్లాసులు కదిలాయి. నేల అదిరింది, చెవికి కాదు, కడుపుకి తెలిసింది శబ్దం. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. సంతోషానికే.

వీధి వీధంతా వచ్చింది. ఎవరు చేశారన్నారు. నేను బావకేసి చూశాను. బావ నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు ఎవరో అడిగితే ఇంట్లోనే చేశామన్నాడు. నెల తిరిగేసరికి, నాలుగు ఆదివారాలు కూర్చుని తనే చేశానని బావ ఫ్యాక్టరీలో చెప్పుకుంటున్నాడని పక్కింటావిడ చెప్పింది. మీ ఆయన తెలివే తెలివి అని మెచ్చుకుంటూ చెప్పింది. బావ ఇంటికొచ్చాక నిలదీశాను. ఎవరు చేస్తే ఏటి, ఇల్లొకటే కదా అన్నాడు. ఇల్లొకటే అయితే ఆ మాట నా పేరున చెప్పడానికి నోరెందుకు రాలేదట?

బావ ఫ్యాక్టరీ యజమాని టెక్కలిలో కొత్తగా మేడ కట్టాడు. భూములూ వ్యాపారమూ ఉన్నవాళ్ళు, రాజకీయాల్లో తిరిగేవాళ్ళు. గృహప్రవేశానికి తన సబ్‌వూఫర్ తెచ్చి పెడతానని బావ వాళ్ళకి మాటిచ్చేశాడు. తనది. నేను వద్దని మొత్తుకున్నాను, చెవిన పెట్టలేదు. సరే, బోర్డు నుంచి స్పీకరుకెళ్ళే ఆ రెండు తీగలకి ఇంకో స్పీకరు తగిలించకు అని చెప్పాను. హాలు పెద్దది, టెంటు హౌసువాడి స్పీకరు కూడా కలుపుదామనుకుంటున్నానన్నాడు. ఎనిమిదీ ఎనిమిదీ పక్కపక్కన కడితే పదహారు కాదు బావా, నాలుగవుతుంది, బోర్డు కాలిపోతుందన్నాను. ఆయన నాకే పాఠం చెప్పాడు. ఒడ్డున వల లాగేటప్పుడు ఇంకో మనిషి చెయ్యేస్తే బరువు తగ్గుతుందా పెరుగుతుందా అన్నాడు. వల వేరు, ఇది వేరు, ఇక్కడ కొత్తగా వచ్చినవాడు కూడా బోర్డునే లాగుతాడు అని ఎంత చెప్పినా ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

గృహప్రవేశం రోజు నన్ను వంటల దగ్గర కొబ్బరి తురమడానికి కూర్చోబెట్టారు. హాల్లోంచి శబ్దం మొదలైంది. బాగానే ఉంది. కాసేపటికి ఒక్కసారిగా పెద్దదైంది. రెండోది కలిపేశాడని నాకు అక్కడే తెలిసిపోయింది. కొబ్బరి చెక్క పడేసి లేచేసరికి శబ్దం గరగరలాడింది. నేను హాల్లోకి వచ్చేసరికి ఆగిపోయింది. కాలిన వాసన గది నిండా. బోర్డు పోతూ పోతూ స్పీకరు కాయిల్‌ని కూడా కాల్చేసింది. మూడో స్పీకరు దాకా నిలబడి, దెబ్బలాడి తెచ్చుకున్న స్పీకరు అది.

హాలు నిండా జనం. యజమాని సోఫాలోంచి, ఏరా, శుభమా అని పిలిస్తే ఈ కాలడమేంటి, ఏం చేశావురా అన్నాడు. బావ మొహం పాలిపోయింది. చేతులు కట్టుకుని, తలతో నన్ను చూపించి అన్నాడు.

"నాకేటి తెలుసు బాబూ. అది సేసింది నేను కాదు, మా ఆవిడ."

ఆడోళ్ళు చేస్తే ఇలాగే ఉంటుందని ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. అన్ని నెలలూ ఏ మాట కోసం నేను కాచుకుని కూర్చున్నానో ఆ మాట నలుగురిలో, మా ఆయన నోటితోనే వచ్చింది. ఇలా వచ్చింది.

"ఔను బాబూ. సేసింది నేనే. కాల్చింది ఈయన" అన్నాను.

నవ్వు ఆగింది. బావ తల దించుకున్నాడు. నేను కొబ్బరి చేతుల్తోనే తీగలు విప్పి, పెట్టె ఎత్తుకుని బయటికొచ్చి హైవే మీద పలాస బస్సు కోసం నిలబడ్డాను. బావ వెనకే వచ్చి పెట్టె పట్టుకోబోయాడు, ఇవ్వలేదు. బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే దారి పొడుగునా కాలిన వాసన. బావ మీద కోపం ఉండనే ఉంది. అంతకన్నా ఎక్కువగా నా మీద నాకే మండింది. నేను చేసినదాన్ని నేను చేశానని చెప్పడానికి ఆ నోరు నాకు మొదటిరోజు నుంచీ ఉంది. ఇంకొకరి నోట రావాలని అన్నాళ్ళు కాచుకుని కూర్చున్నాను.